మలం శాంపిల్‌లో శ్వాసకోశ వైరస్ జాడ పట్టడం: డబ్బా ఇవ్వడం నుంచి రిపోర్టు రాయడం దాకా

గోదావరి జిల్లాల్లో పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి పట్టే పరీక్ష) అనే మాట కొవిడ్ కంటే ముందే వాడుకలో ఉంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతును అడిగితే, రొయ్య పిల్లను చెరువులో వదిలేముందు వైట్‌స్పాట్ వైరస్ తెగులుకి పీసీఆర్ చేయించానని చెబుతాడు. అందుకే ఇక్కడ డీఎమ్‌ఎల్‌టీ, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివి ల్యాబ్‌కి వచ్చే పిల్లలకి మెషిన్ అంటే బెరుకుండదు. బెరుకంతా శాంపిల్‌తోనే. ముక్కు స్వాబ్ అయితే చకచకా చేసేస్తారు. అదే మలం డబ్బా చేతిలో పెడితే మొహం పక్కకి తిప్పుకుని, స్వాబ్‌కి వాడిన కిట్టే, స్వాబ్‌కి పెట్టిన కటాఫే (పాజిటివ్, నెగెటివ్ తేల్చే హద్దు) పెట్టి నడిపేస్తారు. మెషిన్ తెర మీద గీత లేవకపోతే నెగెటివ్ అని రాసేస్తారు. వైరస్ లేక గీత లేవలేదో, మలంలో ఉన్న చెత్తకి ఎంజైమే పనిచేయక లేవలేదో చూసుకోరు.

ఈ మార్గదర్శి ఆ తేడా పట్టుకోవడం గురించి. వైరాలజీ ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి, థీసిస్ కోసం ఈ పని ఎత్తుకున్న పీజీలకి, ఊళ్ళలో శాంపిల్ సేకరించే సిబ్బందికి ఉపయోగపడాలని రాస్తున్నాను. పరిశోధన, నిఘా పనులకి పనికొచ్చే పద్ధతి ఇది. రోగికి ఏ మందివ్వాలో తేల్చడానికి ఇప్పటికీ గొంతు, ముక్కు స్వాబే ఆధారం.

ఏం వెతుకుతున్నారో ముందు తేల్చుకోండి

ఊపిరితిత్తుల వైరస్ మలంలోకి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, కఫం మింగేయడం. చిన్నపిల్లలు ఉమ్మలేరు కాబట్టి వచ్చిందంతా కడుపులోకే పోతుంది. రెండోది, వైరస్ పేగు కణాల్లోనే పెరగడం. కొవిడ్ వైరస్ పట్టుకునే ఏస్-2 గ్రాహకం చిన్నపేగు లోపలి పొర మీద దండిగా ఉంటుంది. పీసీఆర్‌లో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఏ దారిలో వచ్చిందో తెలియదు.

2020 జనవరిలో అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో నమోదైన ఆ దేశపు తొలి కొవిడ్ రోగికి, జబ్బు మొదలైన ఏడో రోజున తీసిన మలంలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ (దాని జన్యుపదార్థం) దొరికింది. ఆ ఏడాదే చైనాలో 74 మంది మలాన్ని పరీక్షిస్తే 41 మందిలో పాజిటివ్ వచ్చింది. ఆ 41 మందిలో గొంతు శాంపిళ్ళు లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి సగటున 16.7 రోజుల దాకా పాజిటివ్‌గా ఉంటే, మలం 27.9 రోజుల దాకా ఉంది. స్టాన్‌ఫర్డ్ బృందం 2022లో ప్రచురించిన అధ్యయనంలో స్వల్ప, మధ్యస్థ కొవిడ్ ఉన్న 113 మందిని నెలల తరబడి గమనించారు. మొదటి వారంలో 49.2 శాతం మంది మలంలో ఆర్‌ఎన్‌ఏ ఉంటే, నాలుగు నెలలకి 12.7 శాతం, ఏడు నెలలకి 3.8 శాతం మందిలో ఇంకా కనిపించింది. నాలుగు నెలలనాటికి గొంతులో మాత్రం ఎవరికీ లేదు.

అయితే జర్మనీలో తొలి రోగుల మీద 2020లో జరిగిన అధ్యయనంలో, మలంలో ఆర్‌ఎన్‌ఏ మోతాదు బాగా ఎక్కువగా ఉన్నా, కణాల్లో పెంచి చూస్తే బతికున్న వైరస్ రాలేదు. అలాగని మలాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. 2003 మార్చిలో హాంకాంగ్ అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో 300 మందికి పైగా సార్స్ సోకింది. నీళ్ళు ఎండిపోయిన నేల డ్రెయిన్ల గుండా మరుగుదొడ్డి పైపుల్లోని తుంపరలు ఇళ్ళలోకి రావడమే ప్రధాన కారణమని అక్కడి విచారణ తేల్చింది.

కొవిడ్ ఒక్కటే కాదు. ఇన్‌ఫ్లూయెంజా, ఆర్‌ఎస్‌వీ, రైనో, ఎంటెరో, అడినో, బోకా వైరస్‌ల జాడ కూడా మలంలో దొరుకుతుంది. వీటిలో అడినో, బోకా డీఎన్‌ఏ వైరస్‌లు. అవి కూడా మీ జాబితాలో ఉంటే ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ రెండూ కలిపి తీసే కిట్ తీసుకోండి. మధ్యలో డీఎన్‌ఏని కోసేసే ఎంజైమ్ మెట్టు ఉండకూడదు. బోకాలో టైప్ 1 ప్రధానంగా ఊపిరితిత్తులది, 2 నుంచి 4 వరకు ఎక్కువగా మలంలో దొరికేవి. ప్రైమర్లు (వైరస్ జన్యువుని వెతికి పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఆ తేడా పట్టేవో కాదో ముందే చూసుకోవాలి.

కాగితాల పని

ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క డబ్బా కూడా పంచకండి. సమ్మతి పత్రం తెలుగులో, చదివి వినిపిస్తే అర్థమయ్యేలా ఉండాలి. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం కావాలి. ఏడేళ్ళు దాటినవాళ్ళయితే పిల్లల ఒప్పుకోలు కూడా తీసుకోవాలి. ఫలితం చెబుతారా చెప్పరా అన్నది పత్రంలోనే రాయండి. తర్వాత ఫోన్లు వచ్చినప్పుడు మాట తడబడకుండా ఉంటుంది.

మొదటి మెట్టు: ఇంటి దగ్గర

శాంపిల్ మంచిదా కాదా అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది. దీన్ని తొందరగా దాటేయకండి.

ముందు అడగడం. స్వాబ్ అంటే అందరికీ అలవాటైపోయింది గానీ, మోషన్ కావాలంటే మనిషి ముడుచుకుపోతాడు. కోనసీమలో ఒక పెద్దాయన ఆశా వర్కర్‌తో, "దగ్గు నాకు ఊపిరితిత్తుల్లో ఉందండీ బాబూ, మీరడిగేదేంటండీ!" అన్నాడు. ఆవిడ ఏమాత్రం తొణక్కుండా, "ఆయ్, అక్కడున్నది మింగేస్తే ఎక్కడికెళ్తాదండి బాబాయిగారూ? అది చూద్దామనే" అంది. అంతకంటే మంచి వివరణ నాకింతవరకు దొరకలేదు. అడిగే మనిషి సిగ్గుపడకపోతే ఇచ్చే మనిషీ సిగ్గుపడడు. డబ్బాని మాత్రం నల్ల కవర్లో పెట్టి ఇవ్వండి. వీధిలో పట్టుకెళ్ళడానికి ఎవరికైనా ఇబ్బందే.

డబ్బా 30 మిల్లీలీటర్లది, మూత మరలా తిరిగేది, లోపల చిన్న చెంచా ఉన్నది సరిపోతుంది. శుభ్రంగా, పొడిగా ఉండాలి. మొత్తం మలం తీసుకుంటున్నప్పుడు వీటీఎమ్ (వైరస్‌ని చెడకుండా తీసుకెళ్ళే) ద్రవం ఏదీ పోయక్కర్లేదు. అది మల ద్వారం నుంచి తీసే స్వాబ్‌కే. ఇంట్లోవాళ్ళు సదుద్దేశంతో డబ్బాని డెట్టాల్‌తో కడిగి ఎండబెట్టి ఇస్తుంటారు. వద్దని ముందే చెప్పాలి.

మన మరుగుదొడ్లలో పళ్ళెంలో ఎప్పుడూ నీళ్ళుంటాయి. ఆ నీళ్ళల్లో పడ్డది పనికిరాదు. పళ్ళెం మీద పాత పేపరు మడిచి, దానిపైన పాలిథిన్ కవరు పరిచి, మూత్రం ముందే పోసేసి, తర్వాత దాని మీద కూర్చోమనాలి. పసిపిల్లలకి డైపర్ వేస్తే అది తడినంతా పీల్చేస్తుంది కాబట్టి లోపలి వైపు ప్లాస్టిక్ కాగితం పరచాలి. గుడ్డ వేసే ఇళ్ళలో గుడ్డ మీద నుంచి గీకి తీయొద్దు. సబ్బు అవశేషం ఎంజైమ్‌కి పడదు.

ఎంత తీసుకోవాలి? పోలియో నిఘా కోసం కాళ్ళు చచ్చుబడ్డ పిల్లల దగ్గర శాంపిల్ తీసిన ఏఎన్‌ఎమ్‌లకి ఈ లెక్క తెలుసు: పెద్దవాళ్ళ బొటనవేలంత, అంటే సుమారు 8 గ్రాములు. అదే కొలత ఇక్కడా పెట్టుకోండి. మనకి కావాల్సింది గ్రాము లోపే అయినా, మిగిలింది మళ్ళీ పరీక్షించడానికి ఉండాలి. మూడు నాలుగు చోట్ల నుంచి తీయమనండి. జిగురు, రక్తం ఉంటే రాసుకోండి. నీళ్ళ విరేచనమైతే డబ్బాలో మూడో వంతు చాలు. నిండా నింపితే మూత తీసేటప్పుడు పొంగి మీ గ్లవ్స్ మీదకే వస్తుంది.

ఫారం మీద పేరు, వయసు, ఐడీ నంబరుతో పాటు మూడు సంగతులు తప్పకుండా రాయాలి. జబ్బు మొదలైన తేదీ. శాంపిల్ తీసిన తేదీ, గంట. ఐదేళ్ళలోపు పిల్లలైతే చివరిసారి పోలియో చుక్కలు ఎప్పుడు వేశారు? ఈ మూడోది ఎందుకో ఫలితం దగ్గర తెలుస్తుంది. వీలైతే అదే రోజు ముక్కు, గొంతు స్వాబ్ కూడా తీయండి. పక్కన స్వాబ్ లేని మలం ఫలితం చెప్పేది తక్కువ. మలంలో వైరస్ ఆలస్యంగా కనబడొచ్చు కాబట్టి మొదటి వారంలో ఒకటి, తర్వాత వారానికొకటి చొప్పున ఇంకో రెండు తీసుకోగలిగితే బాగుంటుంది.

రెండో మెట్టు: దారి

శాంపిల్ తీసిన గంట నుంచి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మలంలో బ్యాక్టీరియా ఉంటుంది, ఆర్‌ఎన్‌ఏని నమిలేసే ఎంజైములు ఉంటాయి. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టిన డబ్బాలో అవి ఎంత చురుగ్గా పనిచేస్తాయో చెప్పక్కర్లేదు. పోలియో శాంపిళ్ళకి వాడే రివర్స్ కోల్డ్ చెయిన్ పద్ధతే ఇక్కడా పెట్టండి: మంచు పెట్టిన వ్యాక్సిన్ క్యారియర్‌ని ఒకటి శాంపిళ్ళకి మాత్రమే కేటాయించి, దాని మీద పెద్దక్షరాలతో రాయండి. మళ్ళీ టీకాలకి దాన్ని వాడకూడదు.

డెల్టాలో మంచుకి కొరత లేదు. రొయ్యలు పోయే ప్రతి ఊళ్ళో ఐస్ ఫ్యాక్టరీ ఉంటుంది, థర్మాకోల్ పెట్టెలూ దొరుకుతాయి. కానీ రొయ్యలకి వాడిన పెట్టె తేకండి. విడి మంచు కూడా నేరుగా పోయకండి. అది కరిగి నీళ్ళయితే డబ్బాలు తేలతాయి, లేబుళ్ళు ఊడతాయి, బాల్‌పెన్‌తో రాసింది చెదిరిపోతుంది. గడ్డకట్టిన ఐస్ ప్యాకులే వాడండి. లేబుల్ మీద పర్మనెంట్ మార్కర్‌తో రాసి పైన సెల్లోటేపు చుట్టండి.

ప్యాకింగ్ మూడు పొరలు: డబ్బా, దాని చుట్టూ పీల్చుకునే దూది లేదా టిష్యూ పెట్టి జిప్ కవరు, ఆ మీద గట్టి పెట్టె. కాగితాలు పెట్టెకీ రెండో పొరకీ మధ్య ఉండాలి, డబ్బాకి చుట్టి కాదు.

లంక గ్రామాలకి వెళ్ళేటప్పుడు పంటు (రేవు దాటించే పడవ) సమయాలు చూసుకుని శాంపిల్ గంట పెట్టుకోండి. కోటిపల్లి రేవులోనో, సఖినేటిపల్లి–నరసాపురం రేవులోనో చివరి పంటు తప్పితే చుట్టు తిరిగి రావాలి. జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే పంట్లే ఆగిపోతాయి. ఆ రోజుల్లో సేకరణ ఆపేయడం మంచిది. లేదా ఆర్‌ఎన్‌ఏని కాపాడే గ్వానిడిన్ రకం ద్రవం ముందే పోసి ఉంచిన ట్యూబులు ఇవ్వండి. అందులో వేస్తే గది వేడిలో కూడా ఆర్‌ఎన్‌ఏ కొన్ని రోజులు నిలుస్తుంది. కాకపోతే ఆ ట్యూబు నుంచి తర్వాత వైరస్‌ని పెంచి చూడడం కుదరదు.

శాంపిల్ ల్యాబ్‌కి 72 గంటల్లోపు చేరాలి. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ లాంటి పెద్ద కాలేజీ ల్యాబ్‌కి పంపేవాళ్ళు శనివారం సాయంత్రం పంపకుండా ఉంటే సగం గొడవలు తప్పుతాయి.

మూడో మెట్టు: ల్యాబ్ గుమ్మం దగ్గర

పెట్టె తెరిచేది బయోసేఫ్టీ లెవెల్ 2 గదిలో, క్లాస్ 2 క్యాబినెట్ (గాలిని వడకట్టే రక్షణ పెట్టె) లోపల. గ్లవ్స్ రెండు జతలు, ఎన్-95 మాస్కు, కళ్ళద్దాలు. లోపల ఉష్ణోగ్రత ఎంతుందో, డబ్బా కారిందో లేదో, లేబుల్ ఫారంతో సరిపోయిందో రాసుకోండి. సరిపోనిది అనుమానంతో నడపొద్దు, వెనక్కి ఫోన్ చేయండి.

వెంటనే 2 మిల్లీలీటర్ల క్రయోవయల్స్ (చలికి తట్టుకునే చిన్న ట్యూబులు) లోకి మూడు భాగాలుగా పంచండి. ఒకటి ఇవ్వాళ్టి పనికి, రెండు మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్‌కి. గడ్డకట్టించి కరిగించిన ప్రతిసారీ ఆర్‌ఎన్‌ఏ కొంత పోతుంది. అందుకే మొదటిరోజే పంచడం. ఇంట్లో వాడే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ ఎందుకూ పనికిరాదు, దాని డీఫ్రాస్ట్ చక్రం రోజూ వేడెక్కిస్తూ చల్లారుస్తూ ఉంటుంది. కరెంటు పోతే ఎంతసేపు తట్టుకుంటుందో, జనరేటర్ ఎవరు వేస్తారో ఫ్రీజర్ తలుపు మీదే రాసి పెట్టండి. తుఫాను రోజుల్లో ఆ కాగితమే దిక్కు.

పోలియో మాట కూడా ఇక్కడే చెప్పాలి. భారత్ సహా ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని 2014 మార్చి 27న ధ్రువపత్రం వచ్చింది. టైప్ 2 ఉన్న చుక్కల మందుని 2016 ఏప్రిల్‌లో ఆపేశారు. అందువల్ల అంతకు ముందు తీసి ఫ్రీజర్‌లో దాచిన మలం శాంపిళ్ళు, మీరు వెతికేది ఫ్లూ అయినా సరే, పోలియో వైరస్ ఉండే అవకాశం ఉన్న సరుకు కిందకి వస్తాయి. పాత స్టాకు దొరికిందని సంబరపడి తెరవకండి. ముందు మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీకి చెప్పండి.

నాలుగో మెట్టు: పలచన చేయడం

200 మిల్లీగ్రాములు తూచి, 1.8 మిల్లీలీటర్ల ఫాస్ఫేట్ బఫర్‌లో వేయండి. అదే 10 శాతం సస్పెన్షన్. నీళ్ళ విరేచనమైతే 200 మైక్రోలీటర్లు. నాలుగైదు గాజు పూసలు వేసి, ముద్దలు విడిపోయేదాకా వోర్టెక్స్ (ట్యూబుని గిరగిరా కదిపే యంత్రం) మీద పెట్టండి. గట్టి మలానికి ఇంకాస్త ఓపిక కావాలి. తర్వాత మూత ఉన్న బకెట్ల సెంట్రిఫ్యూజ్‌లో 4,000 జీ (భూమ్యాకర్షణకి అన్ని రెట్లు) బలం దగ్గర 20 నిమిషాలు తిప్పండి. ఆగిన వెంటనే మూత తీయకండి, పది నిమిషాలు ఆగి క్యాబినెట్‌లోనే తెరవండి. పైన తేరిన ద్రవాన్ని మాత్రమే తీయాలి. పైన తెల్లటి కొవ్వు తెట్టు కట్టి ఉంటే పిపెట్ మొనని దాని కిందకి దించి తీయండి. పాలు తాగే పిల్లల మలంలో ఈ తెట్టు బాగా ఉంటుంది.

ఎక్కువ మలం వేస్తే ఎక్కువ వైరస్ దొరుకుతుందని కొందరు 20, 30 శాతం సస్పెన్షన్ చేస్తారు. వైరస్‌తో పాటు అడ్డుపడే పదార్థాలూ అంతే పెరుగుతాయి. నా ఉద్దేశంలో 10 శాతం దాటకపోవడమే తెలివైన పని.

ఐదో మెట్టు: ఆర్‌ఎన్‌ఏ తీయడం, దానితో పాటు ఒక సాక్షిని పెట్టడం

చాలా ల్యాబుల్లో ఉండే కాలమ్ (ఆర్‌ఎన్‌ఏని పట్టి ఉంచే వడపోత గొట్టం) కిట్ లెక్క ఇది: 140 మైక్రోలీటర్ల ద్రవానికి 560 మైక్రోలీటర్ల లైసిస్ బఫర్ (వైరస్‌ని పగలగొట్టే ద్రవం), ఆపైన 560 మైక్రోలీటర్ల ఇథనాల్, రెండు వాష్‌లు, చివరికి 60 మైక్రోలీటర్లలో దింపడం. మలానికి రెండో వాష్ ఇంకోసారి చేసి, ఖాళీ కాలమ్‌ని ఒక నిమిషం తిప్పి ఆరనివ్వండి. మిగిలిపోయిన ఇథనాల్ కూడా పీసీఆర్‌ని ఆపేస్తుంది. దిగిన ద్రవం పచ్చగానో గోధుమరంగులోనో ఉందంటే అడ్డుపదార్థాలు కాలమ్ దాటి వచ్చాయని అర్థం.

ఏమిటవి? పిత్త లవణాలు, కూరలూ ఆకుకూరల నుంచి మిగిలిన పాలీశాకరైడ్లు, రక్తం ఉంటే హీమ్. ఇవి పీసీఆర్ నడిపే ఎంజైమ్ పాలిమరేజ్‌ని కట్టేస్తాయి, లేదా దానికి కావాల్సిన మెగ్నీషియాన్ని లాక్కుంటాయి. కంటికి కనబడనంత ఉన్నా చాలు.

అందుకే లైసిస్ బఫర్‌లోనే ప్రతి శాంపిల్‌కీ ఒకే మోతాదులో తెలిసిన ఆర్‌ఎన్‌ఏని కలపాలి. ఎమ్మెస్-2 అనే బ్యాక్టీరియా వైరస్ చవగ్గా దొరుకుతుంది. ఉత్త బఫర్‌లో కలిపితే అది సీటీ (గీత లేవడానికి పట్టిన పీసీఆర్ సైకిళ్ళ సంఖ్య, తక్కువైతే వైరస్ ఎక్కువ) 27 దగ్గర లేచిందనుకోండి. మలంలోనూ 27, 28 దగ్గర లేస్తే దారి సాఫీగా ఉన్నట్టు. 2 సైకిళ్ళు దాటి వెనకబడిందంటే ఎక్కడో అడ్డుపడింది. అసలు లేవకపోతే ఆ శాంపిల్‌కి నెగెటివ్ అనే మాటే వాడకూడదు. ఇంకో చిక్కు ఉంది: ఎమ్మెస్-2 జాతి ఫేజ్‌లు (బ్యాక్టీరియా వైరస్‌లు) మనుషుల, పశువుల మలంలో సహజంగా కూడా ఉండొచ్చు. కాబట్టి కొత్త ఊరి శాంపిళ్ళు మొదలెట్టినప్పుడు కొన్నిటిని ఏమీ కలపకుండా నడిపి, ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకోండి.

స్వాబ్ కిట్లలో ఉండే మనిషి జన్యువు ఆర్‌నేజ్-పీ కంట్రోల్ మలంలో బలహీనంగా వస్తుంది, ఒక్కోసారి రాదు. అది రాలేదని శాంపిల్ పారేయకండి. వచ్చిందని నమ్మేయకండి కూడా.

మరి శాంపిల్‌లో నిజంగా మలం ఉందని, నీళ్ళు కాదని ఎలా తెలుస్తుంది? దీనికి మురుగునీటి పరీక్షలవాళ్ళు వాడే ఉపాయం ఉంది. మిరప మొక్కకి తెగులు తెచ్చే పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్, మనం తిన్న మిరపకాయతో పాటు కడుపులోకి పోయి చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. మనిషి మలంలో అతి ఎక్కువగా దొరికే ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో అదొకటి. ఆవకాయ లేనిదే ముద్ద దిగని జిల్లాలకి ఇంతకంటే నప్పే కొలత లేదు. కాకపోతే తల్లిపాల మీదున్న పసివాళ్ళు, పథ్యం తింటున్న రోగులు మిరప ముట్టరు. వాళ్ళలో అది రాకపోతే శాంపిల్ చెడిందని కాదు.

ఆరో మెట్టు: ప్లేటు పేర్చడం

సైకిళ్ళు, ఉష్ణోగ్రతలు కిట్ కాగితంలో ఉన్నట్టే పెట్టండి, వాటిలో మలానికంటూ ప్రత్యేకం ఏమీ లేదు. ప్రత్యేకమంతా ప్లేటు పేర్పులో ఉంది.

ప్రతి శాంపిల్ ఆర్‌ఎన్‌ఏని రెండు రకాలుగా పెట్టండి: ఉన్నది ఉన్నట్టు, పదింతలు పలచన చేసి. రెండూ డూప్లికేట్‌లో, అంటే రెండేసి గుంటల్లో. అడ్డు ఏమీ లేకపోతే పదింతలు పలచన చేసినప్పుడు సీటీ సుమారు 3.3 పెరగాలి. ఒకటో రెండో మాత్రమే పెరిగినా, పెరక్కుండా తగ్గినా, అసలు శాంపిల్‌లో అడ్డు ఉన్నట్టు రుజువు. చిక్కటి దాంట్లో ఏమీ రాక, పలచన దాంట్లో 35 దగ్గర చక్కటి గీత లేచిన మలం శాంపిల్ చూశాక ఈ మెట్టు ఎవరూ ఎగ్గొట్టరు.

అడ్డు తేలితే రియాక్షన్‌లో బీఎస్‌ఏ ప్రోటీన్ కలిపి చూడండి, చవగ్గా అయిపోతుంది. అప్పటికీ లొంగకపోతే తాజా భాగం నుంచి ఆర్‌ఎన్‌ఏ మళ్ళీ తీయండి. పోయింది ఆర్‌ఎన్‌ఏ తీసేటప్పుడా, పీసీఆర్‌లోనా అని తెలుసుకోవాలంటే దిగిన ద్రవంలో, పీసీఆర్‌కి సరిగ్గా ముందు, మరో తెలిసిన ఆర్‌ఎన్‌ఏని కలిపి చూడాలి. అది బాగా వచ్చి ఎమ్మెస్-2 రాకపోతే తప్పు కాలమ్ దగ్గర జరిగింది.

వీటితో పాటు ప్రతి ప్లేటులో ఉండాల్సినవి: నాలుగో మెట్టు నుంచి శాంపిల్‌లాగే నడిపిన ఉత్త బఫర్, టెంప్లేట్ (ఆర్‌ఎన్‌ఏ) లేని నీళ్ళు, ఒక గట్టి పాజిటివ్, గుర్తింపు హద్దుకి దగ్గరలో ఉండే ఒక బలహీన పాజిటివ్. గట్టి పాజిటివ్ ఒక్కటే పెట్టి తృప్తిపడకండి, అది ఎలాగూ వస్తుంది. మాస్టర్ మిక్స్ (శాంపిల్ కలపని పీసీఆర్ మిశ్రమం) ఒక గదిలో, ఆర్‌ఎన్‌ఏ ఒక గదిలో, మెషిన్ ఇంకో గదిలో ఉండాలి. మనిషి ముందుకే వెళ్ళాలి, అదే కోటుతో వెనక్కి రాకూడదు.

ఎంత ఉంటే దొరుకుతుంది: ఒక చిన్న లెక్క

10 శాతం సస్పెన్షన్‌లో 140 మైక్రోలీటర్లు అంటే 14 మిల్లీగ్రాముల మలం. అది 60 మైక్రోలీటర్లలోకి దిగింది. అందులో 5 మైక్రోలీటర్లు పీసీఆర్‌లో వేశారు. అంటే ట్యూబులోకి చేరింది సుమారు 1.17 మిల్లీగ్రాముల మలం మాత్రమే. మీ పరీక్షకి రియాక్షన్‌కి 10 కాపీల వైరస్ జన్యువు ఉంటే గానీ నమ్మకంగా దొరకదనుకుంటే, గ్రాము మలంలో కనీసం 8,600 కాపీలుండాలి, అదీ మధ్యలో ఏమీ పోలేదనుకుంటే. పదింతలు పలచన చేసినదాని మీదే ఆధారపడితే ఆ హద్దు 86,000కి పోతుంది.

ఈ లెక్క కాగితం మీదది. నిజం లెక్క మీ ల్యాబ్‌లో తేల్చాలి, అసలు రోగుల శాంపిళ్ళు ముట్టుకోకముందే తేల్చాలి. ఆరోగ్యవంతుల నెగెటివ్ మలం తీసుకుని, నిర్వీర్యం చేసిన వైరస్‌ని తెలిసిన మోతాదుల్లో కలిపి, ఒక్కో మోతాదుని 20 సార్లు నడపండి. 19 సార్లు దొరికిన అతి తక్కువ మోతాదే మీ హద్దు. ఒకే మనిషి మలంతో ముగించకండి. పాలు తాగే బిడ్డది, నీళ్ళ విరేచనం, మలబద్ధకం ఉన్న ముసలాయనది వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన మోతాదులకి వచ్చిన సీటీలతో గీసిన గీత) వాలు మైనస్ 3.1 నుంచి మైనస్ 3.6 మధ్య ఉంటే పీసీఆర్ సామర్థ్యం 90 నుంచి 110 శాతం మధ్య ఉన్నట్టు. ముక్కు స్వాబ్‌కి కంపెనీ ఇచ్చిన కటాఫ్‌ని మలానికి పెట్టడానికి ఎవరూ అనుమతివ్వలేదు, దాన్ని మర్చిపోండి.

ఫలితం చదవడం

సీటీ ముందే లేచి, డూప్లికేట్ రెండూ కలిసి, వైరస్‌లో వెతికిన రెండు జన్యు భాగాలూ పలికితే టెన్షన్ లేదు, పాజిటివ్. 37, 38 దగ్గర ప్లేటులోని ఒక్క గుంటలోనే లేచింది ఉంటుంది చూశారూ, దాంతోనే తంటా. దాచిన రెండో వయల్ నుంచి మొత్తం మళ్ళీ చేయండి. అప్పుడూ ఒకటే వస్తే "తేలలేదు" అని రాయడానికి మొహమాటపడొద్దు. ఉత్త బఫర్‌లో గీత లేచిన రోజున ప్లేటు మొత్తం రద్దు, ఎన్ని శాంపిళ్ళున్నా సరే.

రైనో, ఎంటెరో కలిపి చూసే ప్రైమర్లు చాలావరకు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్నే పట్టుకుంటాయి. పోలియో కూడా ఎంటెరో వైరసే. మన దగ్గర పుట్టగానే, 6, 10, 14 వారాలకి, తర్వాత 16 నుంచి 24 నెలల మధ్య చుక్కలు వేస్తారు. పల్స్ పోలియో ఆదివారాలు వేరే. చుక్కలు వేసిన బిడ్డ వారాల తరబడి టీకా వైరస్‌ని మలంలో వదులుతుంది. దగ్గుతో వచ్చిన అలాంటి బిడ్డ మలంలో ఎంటెరో పాజిటివ్ వస్తే దగ్గుకి కారణం దొరికిందని సంబరపడేముందు ఫారంలో చుక్కల తేదీ చూడండి. సీక్వెన్సింగ్ (వైరస్ జన్యు అక్షరాలు చదవడం) చేస్తే గానీ అది టీకా వైరసో కాదో తేలదు.

అడినో సంగతీ అంతే. 40, 41 రకాలు పేగువే, విరేచనాలు తెచ్చేవి, వాటికి ఊపిరితో పనిలేదు. సీ జాతి అడినో అయితే పిల్లల టాన్సిల్స్‌లోనూ పేగుల్లోనూ తిష్ఠవేసి, జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి మలంలో కనబడుతూనే ఉంటుంది. రకం తేల్చకుండా "అడినో పాజిటివ్" అని రాస్తే ఆ రిపోర్టు ఎవరికీ అక్కరకు రాదు.

మలం పాజిటివ్, స్వాబ్ నెగెటివ్ వచ్చిన మనిషిని ఇంట్లో విడిగా పెట్టమని చెప్పడానికి ఈ పరీక్ష చాలదు. పేగులో వైరస్ నిజంగా పెరుగుతోందా అని వాదించాలంటే సబ్‌జెనోమిక్ ఆర్‌ఎన్‌ఏ (వైరస్ కణంలో పెరిగేటప్పుడు తయారయ్యేది) చూడాలి, లేదా కణాల్లో పెంచాలి. కొవిడ్ వైరస్‌ని పెంచడమంటే లెవెల్ 3 ల్యాబ్ పని.

రిపోర్టు

నేను రాయించే వాక్యం ఇలా ఉంటుంది: "జబ్బు మొదలైన ఫలానా రోజున తీసిన మలంలో ఫలానా వైరస్ ఆర్‌ఎన్‌ఏ గుర్తించబడింది. ఇది బతికున్న వైరస్ ఉందనడానికి గానీ, ఇతరులకి అంటుకుంటుందనడానికి గానీ రుజువు కాదు." నెగెటివ్ అయితే: "గ్రాముకి ఇన్ని కాపీల హద్దు వరకు గుర్తించబడలేదు. అంతర్గత కంట్రోల్ సరిగా పనిచేసింది." కంట్రోల్ పనిచేయకపోతే నెగెటివ్ బదులు "అడ్డుపదార్థాల వల్ల పరీక్ష చెల్లలేదు, మరో శాంపిల్ పంపగలరు" అని రాయించండి. సీటీ అంకె ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి, దాన్ని పక్కింటివాళ్ళ అంకెతో పోల్చుకుని జనం లేనిపోని కంగారు పడతారు.

చెత్త

2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ల్యాబ్ మలం, దాని డబ్బాలు ముందు ల్యాబ్‌లోనే ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరిలో శుద్ధి) అయి, తర్వాత పసుపు సంచిలో వెళ్ళాలి. సింకులో పోయడం లేదు. బల్ల తుడవడానికి అప్పటికప్పుడు కలిపిన 1 శాతం హైపోక్లోరైట్, ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్.

కానీ లైసిస్ బఫర్ ఒలికిన చోటగానీ, ఆర్‌ఎన్‌ఏని కాపాడే ద్రవం ఉన్న ట్యూబుల్లోగానీ బ్లీచ్ పోయొద్దు. వాటిలోని గ్వానిడిన్ థయోసయనేట్ బ్లీచ్‌తో కలిస్తే సైనైడ్ లాంటి విషవాయువులు వస్తాయి. ఒలికితే ముందు టిష్యూతో పీల్చి, డిటర్జెంట్ నీళ్ళతో తుడిచి, ఆ టిష్యూలని రసాయన వ్యర్థాల డబ్బాలో విడిగా వేయండి. లైసిస్ వ్యర్థాల సీసా మీద "బ్లీచ్ వద్దు" అని తెలుగులో, ఎర్రటి అక్షరాలతో రాసి అంటించండి. సాయంత్రం గది శుభ్రం చేసే ఆవిడకి ఆ సీసా చూపించి, నోటితో కూడా చెప్పండి.